ఒక్కడే యజమాని... ఒక్కడే గుమాస్తా!
కృత్రిమ మేధతో సెల్‌ఫోన్‌లో ఫోటో స్టూడియో: ఒంటి మనిషి నడిపే దుకాణం కథ

తిరునాళ్లకు వెళ్లినవారికి ఫోటోల గుడారం గుర్తుండే ఉంటుంది. లోపల అట్టతో చేసిన విమానం, రంగులద్దిన మోటారు కారు, వెనుక తాజ్‌మహల్ తెర. ఎడ్లబండి దిగి వచ్చిన రైతు ఆ విమానంలో దర్జాగా కూర్చుని ఫోటో దిగేవాడు. కొత్త దంపతులు తాజ్‌మహల్ ముందు నిలబడేవారు. వారు ఆగ్రా వెళ్లలేదని చూసినవారందరికీ తెలుసు. అయినా ఆ ఫోటో ఇంటి గోడ మీద తరాలపాటు వేలాడేది.

నేడు ఆ గుడారం సెల్‌ఫోన్‌లోకి వచ్చి చేరింది. మన ఫోటోలు కొన్ని ఇస్తే చాలు, కృత్రిమ మేధ అనే కంప్యూటర్ విద్య మన ముఖం నేర్చుకుంటుంది. ఆ తర్వాత కోటు తొడిగి ఆఫీసులో కూర్చోబెడుతుంది. మంచుకొండ మీద నిలబెడుతుంది. పట్టుచీర కట్టి పెళ్లిపీటల మీద కూర్చోబెడుతుంది. తెర లేదు, కెమెరా లేదు, ఫోటోగ్రాఫరూ లేడు.

ఇందులో వింత మరొకటి ఉంది. తిరునాళ్ల గుడారం నడపడానికైనా కెమెరా దగ్గర ఒకరు, డబ్బుల పెట్టె దగ్గర ఒకరు ఉండాలి. దేశదేశాల ఖాతాదారులకు బొమ్మలు తయారుచేసి ఇచ్చే ఈ కొత్త రకం దుకాణాలలో ఒకదాన్ని స్థాపించి, పెంచి, నడిపిస్తున్నది ఒకే ఒక్క మనిషి. ఇంజనీరింగ్ చదివి పట్నంలో ఉద్యోగం దొరక్క ఇంటికి తిరిగివచ్చిన పిల్లలు ఊరూరా ఉన్న ఈ రోజుల్లో ఆ కథ తెలుసుకోదగినది. అందులో లాభం ఎంత ఉందో, బరువు కూడా అంత ఉంది.

డెబ్బైలో నాలుగు

ఆయన పేరు పీటర్ లెవల్స్. దేశం నెదర్లాండ్స్, మన పెద్దలు హాలెండ్ అనేది. ఒకప్పుడు బందరు, భీమునిపట్నం రేవుల్లో దిగి మన నేతగాళ్ల బట్టలు కొనుక్కుపోయిన ఒలందా వర్తకులది ఆ దేశమే. లెవల్స్ చదివింది వ్యాపార శాస్త్రం. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నారు.

నెలకొకటి చొప్పున ఏడాదిలో 12 కొత్త వ్యాపారాలు మొదలుపెడతానని 2014లో ఆయన బాహాటంగా ప్రకటించారు. ఆ ఊపులో పుట్టిన వాటిలో 'నోమాడ్ లిస్ట్' అనేది నిలబడింది. కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని దేశాలు తిరుగుతూ పనిచేసుకునేవారికి ఏ నగరంలో అద్దె ఎంత, ఇంటర్నెట్ ఎలా ఉంటుంది అని చెప్పే జాబితా అది. మొదట్లో అది ఎవరైనా దిద్దగలిగే ఒక లెక్కల పట్టిక మాత్రమే. చూడవచ్చినవారే వివరాలు నింపిపెట్టారు. పట్టికకు అంత గిరాకీ ఉందని తేలాకే దానికి సైటు కట్టారు. ముందు గిరాకీ, తర్వాత గోడలు. ఈ పద్ధతిని ఆయన తర్వాత కూడా వదల్లేదు.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన లెక్క ఒకటుంది. తాను చేసిన 70కి పైగా ప్రయత్నాలలో డబ్బు తెచ్చి పెరిగినవి నాలుగే నాలుగని 2021లో ఆయనే చెప్పుకున్నారు. నూటికి దాదాపు తొంభై అయిదు పోయాయన్నమాట. గెలిచినవాడి కథ చదివేటప్పుడు ఎండిపోయిన బోర్లు కంటికి కనపడవు. నీళ్లు పడ్డ బోరు దగ్గరే జనం గుమికూడతారు.

మర ఉచితంగా దొరికిన రోజు

బొమ్మలు గీసే కంప్యూటర్ మరను తయారుచేయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కోట్లాది బొమ్మలు, వందలాది ఖరీదైన కంప్యూటర్లు, పెద్ద పెట్టుబడి కావాలి. మరి లెవల్స్ ఎలా చేయగలిగారు? ఆ మరను ఆయన చేయలేదు. 2022 ఆగస్టు 22న 'స్టేబుల్ డిఫ్యూజన్' అనే మరను బహిరంగంగా విడుదల చేశారు. జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, రన్‌వే, స్టెబిలిటీ ఏఐ అనే సంస్థలు దాని వెనుక ఉన్నాయి. మర మొత్తం సుమారు 4 గిగాబైట్లు, అంటే స్పష్టమైన ఒక సినిమా పట్టేంత. దాన్ని ఎవరైనా దించుకుని సొంత కంప్యూటర్‌లో నడుపుకోవచ్చు.

అది ఎలా పనిచేస్తుందో స్థూలంగా చెప్పుకుందాం. టీవీకి ప్రసారం అందనప్పుడు తెర నిండా చుక్కలు గలగలలాడేవి, గుర్తుందా? మంచి బొమ్మ మీద అటువంటి చుక్కలను కొద్దికొద్దిగా చల్లి, ఆ చుక్కలను తుడిచెయ్యడం ఆ మరకు నేర్పారు. పక్కనే 'ఎర్ర చీర కట్టిన స్త్రీ', 'చెరువు గట్టు మీద మర్రిచెట్టు' అంటూ బొమ్మలో ఏముందో చెప్పే మాటలు పెట్టారు. కోట్లసార్లు ఈ సాధన చేశాక దానికి ఒక విద్య పట్టుబడింది. వట్టి చుక్కల తెర ఇచ్చి 'మర్రిచెట్టు' అంటే, చుక్కలు తుడుచుకుంటూ పోయి లేని మర్రిచెట్టును తేల్చి చూపిస్తుంది. పాత బొమ్మను వెతికి తెచ్చేది కాదది. కొత్త బొమ్మను పుట్టిస్తుంది. అందుకే దీన్ని సృజించే కృత్రిమ మేధ అంటున్నారు.

అయితే ఆ సాధనకు వాడిన బొమ్మలు ఇంటర్నెట్ నుంచి కుప్పలుగా సేకరించినవి. గీసిన చిత్రకారులను ఎవరూ అడగలేదు. 2023 జనవరిలో అమెరికాలో కొందరు చిత్రకారులు దీనిపై కోర్టుకెక్కారు. గెట్టీ ఇమేజెస్ అనే ఫోటోల సంస్థ కూడా దావా వేసింది. మరను అద్దెకు తీసుకుని దుకాణం పెట్టినవాడు ఈ తగాదా నీడలోనే కూర్చోవాలి.

ఇంటి బొమ్మ నుంచి ఒంటి బొమ్మకు

మర చేతికి రాగానే లెవల్స్ పెద్ద యాప్ కట్టుకుంటూ కూర్చోలేదు. ముందు 'ఈ ఇల్లు లేదు' అని అర్థం వచ్చే పేరుతో ఒక సైటు పెట్టారు. ఎక్కడా లేని ఇళ్ల బొమ్మలను మర గీస్తూ ఉంటుంది, జనం చూసి పోతుంటారు. అంతే. ఆ తర్వాత 'ఇంటీరియర్ ఏఐ' వచ్చింది. మీ గది ఫోటో ఇస్తే సున్నం రంగు, సామాను మార్చి గది ఎలా ఉండగలదో చూపిస్తుంది. ఇప్పుడది డబ్బిచ్చి వాడుకునే వస్తువైంది. ఇల్లు అమ్మేవారికి, గది సర్దుకునేవారికి దానితో పని ఉంది.

మూడో మెట్టు మనిషి ముఖం. అదే ఆగస్టులో గూగుల్ పరిశోధకులు 'డ్రీమ్‌బూత్' అనే పద్ధతిని ప్రకటించారు. మూడు నుంచి అయిదు ఫోటోలు చూపిస్తే చాలు, ఫలానా కుక్కనో, ఫలానా మనిషినో మర గుర్తుపెట్టుకుంటుంది. ఈ కిటుకును స్టేబుల్ డిఫ్యూజన్‌కు అతికించి, ఆ ఏడాది చివరి నెలల్లో ఆయన 'అవతార్ ఏఐ' తెచ్చారు. జనం తమ బొమ్మలను వీరులుగా, వ్యోమగాములుగా చూసుకుని మురిసిపోయారు.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. 2022 నవంబరు నెలాఖరులో 'లెన్సా' అనే యాప్ అదే సరుకును తక్కువ ధరకు ఇవ్వసాగింది. డిసెంబరుకల్లా లెన్సా యాప్‌ల అంగడిలో పైవరుసకు చేరింది. ఒంటి మనిషి దుకాణం ఎదురుగా పెద్ద బజారు తెరిచినట్టయింది. లెవల్స్ ధర తగ్గించి పోటీపడటం కాక, సరుకు మార్చారు. కార్టూన్ బొమ్మలు పక్కనపెట్టి, నిజం ఫోటోలా కనిపించే ఫోటోల కోసం 2023లో 'ఫోటో ఏఐ' పెట్టారు. ఆఫీసు ఫోటో, పెళ్లిసంబంధం ఫోటో, బట్టల అమ్మకం ఫోటో... ఇవి సరదా తీరిపోయినా అవసరం తీరని ఫోటోలు. 2024, 2025 సంవత్సరాలలో దీని రాబడి నెలకు లక్ష డాలర్లు దాటిందని ఆయనే బాహాటంగా ప్రకటించుకున్నారు.

మరి ఇంత రాబడి తెచ్చే యంత్రాంగం ఎంత ఘనమైనదో అనుకుంటాం. ఆయన వాడేది పాతకాలపు పీహెచ్‌పీ భాష. ఒకే దస్త్రంలో దాదాపు 14 వేల వరుసలు రాసుకుపోయానని ఆయనే చెప్పారు. పెద్ద కంపెనీల ఇంజనీర్లు దీనికి ముక్కు విరిచారు. కొనేవాడు మాత్రం పొయ్యి ఏ మట్టితో కట్టారని అడగడు. అన్నం ఉడికిందా అని చూస్తాడు.

అడిగే తీరులోనే అంతా ఉంది

మర అందరికీ దొరుకుతున్నప్పుడు జనం ఒకడి దగ్గరికే ఎందుకు పోతారు? ఇక్కడే యాప్ రూపకల్పన అనే విద్య అవసరమవుతుంది.

మరకు ఏం కావాలో మాటల్లో రాసి చెప్పాలి. ఖాళీ పెట్టె చూపించి 'రాయండి' అంటే మామూలు మనిషి బిక్కమొహం వేస్తాడు. దర్జీ దగ్గరికి వెళ్లినవారిని 'ఎలా కుట్టమంటారు?' అని మాత్రమే అడిగితే చెప్పలేరు. నమూనాల పుస్తకం ముందు పెడితే వేలు చూపించి 'ఇది' అంటారు. ఫోటో ఏఐలోనూ ముందే కట్టిపెట్టిన ఫోటోల మూటలు ఉంటాయి. వేలు పెట్టి ఎంచుకోవడమే.

రెండోది, తీసుకునే సరుకు. నల్లకళ్లద్దాల ఫోటోలు, పదిమందితో కలిసి దిగిన ఫోటోలు, చీకట్లో తీసినవి ఇస్తే మర తప్పు నేర్చుకుంటుంది. విత్తనం ఎంతో పంట అంతే. ఎటువంటి ఫోటోలు కావాలో, ఎటువంటివి పనికిరావో బొమ్మలతో సహా ముందే చూపించవలసి ఉంటుంది.

మూడోది, ఎదురుచూపు. ముఖం నేర్చుకోవడానికి మరకు కొంతసేపు పడుతుంది. తెర మీద ఏమీ కదలకపోతే 'డబ్బు పోయింది' అని వాడేవాడు బెంబేలెత్తిపోతాడు. ఎంతసేపు పడుతుందో చెప్పడం, అయ్యాక కబురుపెట్టడం చిన్న మర్యాదలే. దుకాణం నమ్మకం నిలబడేది వాటి మీదే.

నాలుగోది, తప్పులు. ఆరు వేళ్ల చేయి, వంకర పళ్లు, తాను కాని తన ముఖం... మర ఇటువంటివి ఇస్తూనే ఉంటుంది. అడిగిన ఫోటోలన్నీ బాగుండవు. ఈ సంగతి ముందే చెప్పినవాడిని జనం క్షమిస్తారు. దాచినవాడిని క్షమించరు.

ప్రతి నొక్కుకూ మీటరు తిరుగుతుంది

మామూలు యాప్‌కు, ఈ యాప్‌కు ఒక పెద్ద తేడా ఉంది. క్యాలెండరు యాప్‌ను లక్షమంది వాడినా, పది లక్షలమంది వాడినా ఖర్చు అంతగా పెరగదు. ఇక్కడ అలా కాదు. వాడేవాడు మీట నొక్కిన ప్రతిసారీ ఎక్కడో ఖరీదైన కంప్యూటర్ తిరగాలి. ఒంటి మనిషి దాన్ని కొనలేడు, సెకన్ల లెక్కన అద్దెకు తీసుకుంటాడు. లెవల్స్ కూడా 'రెప్లికేట్' అనే అద్దె కంప్యూటర్ల సంస్థనే వాడుకున్నారు. అద్దె ట్రాక్టరుతో దుక్కి దున్నించినట్టే. ట్రాక్టరు పొలంలో ఉన్నంతసేపూ గంటలు లెక్కకొస్తాయి.

ఉదాహరణకు ఒక బొమ్మకు అద్దె 2 రూపాయలు అనుకుందాం. నెలకు 199 రూపాయలు కట్టినవాడు 50 బొమ్మలు చేసుకుంటే అద్దె 100 రూపాయలు, మిగులు 99. వాడే 150 బొమ్మలు చేసుకుంటే అద్దె 300 రూపాయలు. అమ్మినవాడు 101 రూపాయలు ఎదురు పెట్టుకోవాలి. ఇక ఉచితంగా వాడుకోమని తలుపులు తెరిస్తే, యాప్‌కు ఎంత పేరొస్తే అంత నష్టం. అందుకే ఈ తరహా దుకాణాల్లో చాలావరకు డబ్బు ముందు కట్టమంటాయి, నెలకు ఇన్ని బొమ్మలని హద్దు పెడతాయి.

అంగడి సుంకం వేరే. గూగుల్ అంగడిలో పేరు నమోదుకు ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్ అంగడిలో ఏటా 99 డాలర్లు కట్టాలి. అక్కడ అమ్మినదానిపై చిన్న వ్యాపారుల దగ్గరైనా సాధారణంగా నూటికి 15 చొప్పున పట్టుకుంటారు. లెవల్స్ తన సరుకును సొంత సైటులోనే అమ్ముతారు. దానివల్ల ఈ సుంకం తప్పుతుంది. కానీ అంగడి దారిన పోయే జనం కనపడరు, గిరాకీని తానే పిలుచుకోవాలి.

తెలుగుకు తూకం వేరు

బొమ్మలు కాక, మాటలతో జవాబు చెప్పే యాప్ పెట్టాలనుకునే మన పిల్లలు మరో లెక్క కూడా చూసుకోవాలి. మాటల మర అక్షరాలను ముక్కలుగా కోసుకుని చదువుతుంది. అద్దె ముక్కల లెక్కన పడుతుంది. ఇంగ్లీషు మాట ఒకటి రెండు ముక్కల్లో పడితే, తెలుగు మాట చాలా ముక్కలయ్యేది. 2024 మేలో ఓపెన్‌ఏఐ సంస్థ 'జీపీటీ-4ఓ' విడుదల చేస్తూ ఒక నమూనా పలకరింపును పలు భాషల్లో తూచి చూపించింది. పాత పద్ధతిలో అది తెలుగులో 159 ముక్కలు. కొత్త పద్ధతిలో 45కు దిగింది. ఇంగ్లీషులో అదే పలకరింపు 27 నుంచి 24కు తగ్గింది.

అంటే మన భాష భారం మూడో వంతు కన్నా తక్కువకు దిగింది. అయినా ఆ తూకంలో తెలుగు ఇంగ్లీషుకు ఇంకా దాదాపు రెట్టింపు. ఏ మర ఎంత తూస్తుందో తెలుగు మాటలే వేసి చూసుకున్నాకే ధర పెట్టాలి. ఇంగ్లీషులో వేసిన లెక్క తెలుగులో తప్పుతుంది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'భాషిణి' పథకంలో భారతీయ భాషల అనువాదానికి, మాటను రాతగా మార్చడానికి ఉపకరణాలు ఉన్నాయి. చదవడం రాని వ్యక్తి నోటిమాటతో వాడగలిగే యాప్ కట్టాలనుకునేవారికి ఇవి పనికొస్తాయి.

ఇక ప్రోగ్రాము రాయడం కూడా నేడు సులువైంది. ఏం కావాలో చెబితే కృత్రిమ మేధే వరుసలు రాసిపెడుతోంది. 2025 ఫిబ్రవరిలో లెవల్స్ విమానం నడిపే ఆట ఒకటి చాలావరకు ఇలాగే రాయించి జనం ముందుకు తెచ్చారు. అయితే రాయించుకున్నది చదివి అర్థం చేసుకోనివాడు చిక్కుల్లో పడతాడు. అద్దె మరకు రహస్య తాళంచెవి లాంటి సంకేతం ఒకటి ఉంటుంది. దాన్ని యాప్‌లోనే పెట్టేస్తే ఎవడో తీసి రాత్రంతా మర తిప్పుకుంటాడు. తెల్లవారేసరికి బిల్లు యజమాని నెత్తిన పడుతుంది. కరెంటు మీటరుకు ముందే తీగ తగిలించుకుపోయినట్టు కాదు, మన మీటరు తర్వాత తగిలించుకున్నట్టు.

పెద్దోళ్లు ఉచితంగా పంచితే?

ఒంటి మనిషికి అన్నిటికన్నా పెద్ద గండం ఇదే. 2025 మార్చి నెలాఖరులో చాట్‌జీపీటీలో బొమ్మలు గీసే సదుపాయం కొత్తగా వచ్చింది. తొలి వారంలోనే 13 కోట్లమందికి పైగా 70 కోట్లకు పైగా బొమ్మలు చేయించుకున్నారని ఆ సంస్థ చెప్పింది. ఆ ఏడాది ఆగస్టులో గూగుల్ 'నానో బనానా' అనే మర తెచ్చింది. సెప్టెంబరులో మన ఆడపడుచులు కూడా పాత సినిమా కథానాయికల్లా చీరకట్టు బొమ్మలు చేయించుకుని వాట్సాప్‌లో పంచుకున్నారు. నిన్న డబ్బు పెట్టి కొన్నది నేడు ఉచితం. ఉచిత భోజనం పెట్టే చోట హోటల్ నడపాలంటే ఆ వంటలో లేనిదేదో తన దగ్గర ఉండాలి. ఒకే పని, ఒకే రకం ఖాతాదారు, ఆ పనిలో పెద్దోళ్లు పట్టించుకోని చిన్న ఇబ్బంది. ఒంటి మనిషికి మిగిలే చోటు అదే.

ఇటు మండల కేంద్రాల్లో ఫోటో స్టూడియోలవారి సంగతీ ఉంది. రీళ్ల కాలం పోయి డిజిటల్ వచ్చినప్పుడు చాలామంది స్టూడియోలు మూసుకున్నారు. మిగిలినవారు పాస్‌పోర్టు ఫోటోలతో, పెళ్లిళ్లతో నెట్టుకొస్తున్నారు. పెళ్లిలో నిజంగా జరిగినదాన్ని తీయడానికి మనిషే కావాలి. జరగని దానికి మాత్రం మర వచ్చేసింది. చిరిగిన పాత ఫోటోను బాగుచేయడం, చనిపోయిన తాతగారి మసక ఫోటోను పెద్దది చేయడం వంటి పనులకు ఈ మరనే తన బల్ల మీద పెట్టుకున్న స్టూడియో యజమాని ఒంటి మనిషి వ్యాపారికేమీ తీసిపోడు. పైగా ఊళ్లోవాళ్ల నమ్మకం ఆయనకు ముందే ఉంది.

పాపం కూడా ఒక్కడిదే

ముఖం నేర్చుకున్న మర మంచి బట్టలే తొడుగుతుందన్న హామీ లేదు. 2020 నుంచి మన రెండు రాష్ట్రాల్లో అప్పుల యాప్‌లవాళ్లు ఫోటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు పంపి వేధించడం, ఆ అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకోవడం మరచిపోలేని విషయం. అప్పుడు ఫోటో మార్చడానికి చేతి పనితనం కావలసి వచ్చింది. ఇప్పుడు ఒక నొక్కు చాలు.

కాబట్టి అశ్లీలమైన కోరికలను మర నిరాకరించేలా కంచె వేయాలి. పరాయివారి ఫోటో, చిన్నపిల్లల ఫోటో ఇచ్చినవాడిని ఆపాలి. పెద్ద కంపెనీలో దీనికి ఒక విభాగం ఉంటుంది, న్యాయవాదులు ఉంటారు. ఒంటి మనిషి దుకాణంలో మర తిప్పేదీ, లాభం లెక్కపెట్టేదీ, అర్ధరాత్రి ఫిర్యాదు వస్తే లేచేదీ ఒక్కడే. లాభంలో వాటాదారు లేనట్టే తప్పులోనూ వాటాదారు ఉండడు. కంచె వేయడానికి తీరిక లేనివాడు పొలం వేయకపోవడమే మంచిది.

మన దేశంలో వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. నియమావళిని 2025 నవంబరులో ప్రకటించి, దశలవారీగా అమలులోకి తెస్తున్నారు. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, సమ్మతి అడిగి మాత్రమే వివరాలు తీసుకోవాలన్నది దాని సారం. సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు కూడా మనకుంది.

ఫోటో ఇచ్చే ముందు

ఇవన్నీ కట్టేవారి సంగతులు. మనలో ఎక్కువమంది వాడేవారమే. ఇటువంటి యాప్‌కు ఇంట్లోవారి ఫోటోలు ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

నడిపేది ఎవరు? పేరు, చిరునామా, ఫిర్యాదు చేసే మార్గం లేని యాప్ ఊరూ పేరూ చెప్పని వ్యాపారి వంటిది. నానో బనానా జోరులో నకిలీ సైట్లు, యాప్‌లు పుట్టుకొస్తున్నాయని 2025 సెప్టెంబరులో ఐపీఎస్ అధికారి వి.సి. సజ్జనార్ హెచ్చరించిన సంగతి తెలిసిందే.

పని అయ్యాక నా ఫోటోలు ఏమవుతాయి? తుడిపేసే మీట ఉందా, లేదా వెతకండి. లేకపోతే ఇవ్వకండి.

ఏం అడుగుతోంది? బొమ్మ చేసే యాప్‌కు మీ ఫోన్‌లోని పేర్ల జాబితాతో, వచ్చే మెసేజీలతో పనిలేదు. అవి అడిగిందంటే దాని కన్ను మరెక్కడో ఉన్నట్టే. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. డబ్బు పోతే ఆలస్యమైన కొద్దీ తిరిగి రావడం కష్టం.

యాప్ కట్టాలని ఉబలాటపడే యువకులకూ ఈ మూడు ప్రశ్నలే గీటురాయి. తన యాప్‌ను సొంత అక్కచెల్లెళ్లు ఈ ప్రశ్నలు అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. ఆపైన ఊళ్లో పదిమంది చేత వాడించి, ఒక్కొక్కరు ఎన్నిసార్లు నొక్కారో రాసుకుని, అద్దె ఎంతైందో కూడుకుని, ఆ పదిమందిలో ఎందరు జేబులోంచి డబ్బు తీస్తారో చూడాలి. ఒక్కరూ తీయకపోతే పోయింది కొద్ది రోజుల శ్రమే. ఇల్లు తాకట్టు పెట్టి పట్నంలో ఆఫీసు తెరిచాక ఆ సంగతి తెలిస్తే పోయేది ఇల్లు.

మర అద్దెకు దొరుకుతుంది. ప్రోగ్రాము రాసిపెట్టే మర కూడా దొరుకుతుంది. ఖాతాదారు నమ్మకం మాత్రం ఎక్కడా అద్దెకు రాదు. తిరునాళ్ల గుడారంవాడు ఫోటో ఇవ్వకుండా పారిపోతే మరుసటి ఏడు ఆ ఊళ్లో గుడారం లేచేది కాదు. సెల్‌ఫోన్ గుడారానికి ఊరు లేదు, ఏడు లేదు. అందుకే అడిగి తెలుసుకోవలసిన పని ఇప్పుడు మనదైంది.